మంచం మీద నుంచి రికార్డు చేసిన పాట

డొంకూరు సముద్రపు ఒడ్డున గాలి హోరు తప్ప నా మైకులో ఏమీ పడలేదు. అందుకని వల లాగుతూ పాడే లచ్చయ్య మావని, ఆయన బావమరిదిని ఆటో ఎక్కించి సోంపేటలో నేను దిగిన లాడ్జికి తీసుకొచ్చాను. పాటలు రాసుకుని పాడుకునే నాకు కొత్త ఆల్బంలో ఆ వల పాట ఒక్కటే మిగిలింది. సాయంత్రం పలాసలో రైలెక్కాలి.

మైకు పెట్టి పాడమన్నాను. మావ నోరు తెరిచి, మళ్లీ మూసేశాడు.

"తాడు నేకుండా పాటెలాగొత్తాది బావూ?"

దుప్పటి మెలితిప్పి మంచం కోడుకి కట్టి, రెండో కొస వాళ్ల చేతికిచ్చాను. ఇద్దరూ ఒక్క గుంజు గుంజారు. పాట రాలేదు గాని మంచం వచ్చేసింది.

"బరువు సాల్దు," అన్నాడు బావమరిది. "ఒట్టి వల లాగినట్టుంది."

ఇద్దరూ నా వైపు చూశారు.

"నువ్వెక్కి కూకో బావూ," అన్నాడు మావ.

మైకు పట్టుకుని మంచం మీద బాసింపట్టు వేసుకున్నాను. ఈసారి పాట వచ్చింది. ఒకరు ఎత్తుకుంటే ఇంకొకరు అందుకుంటూ నన్ను కిటికీ దగ్గర్నుంచి గుమ్మం దాకా లాక్కెళ్లారు. చప్పుడుకి తలుపు తీసిన లాడ్జి ఓనరు ఏమీ అడక్కుండా మళ్లీ వేసేశాడు.

ఆల్బం విన్నవాళ్లంతా మధ్యలో కిర్రుమనే ఆ వాయిద్యం ఏమిటని అడుగుతున్నారు. మావకి ఫోన్లో వినిపించి, ఎలా ఉందన్నాను.

"పాట మేం రోజూ పాడీదే బావూ," అన్నాడు. "బరువే బాగా కుదిరింది."