మాటకూ మాటకూ మధ్య

తడిసిన కేబుల్ రబ్బరు వాసన తగిలితే ఇప్పటికీ నా చేయి ఆగిపోతుంది. నిన్న పీణ్య పారిశ్రామికవాడలో మా టెస్టింగ్ గదిలో అదే జరిగింది. సరోజమ్మగారు పోయి ఏడాది దాటింది.

నా మొదటి ఉద్యోగం ఆమె ట్రాన్స్‌ఫార్మర్ల వర్క్‌షాపులో. ఆదివారాలు మేడమీద హామ్ రేడియో నేర్పేవారు. అభిరుచి కొద్దీ లైసెన్సు తీసుకుని నడిపే రేడియో అది. యాంటెన్నా, బ్యాటరీ, ఫ్రీక్వెన్సీ, అన్నీ వరసగా నేర్చుకున్నాను. ఆమె పట్టుబట్టింది మాత్రం ఒక్కదానికే. అవతలివారు ముగించగానే నేను మాట్లాడే బటన్ నొక్కితే చేతిమీద తట్టేవారు.

"ఏమప్పా, నీ వెనక రైలు వస్తా ఉండాదా? కొంచెం సందియ్యి. ఎవరన్నా పిలవాలంటే యాడ దూరేది?"

మనం మాట్లాడుతున్నంతసేపూ అదే ఛానెల్లో బలహీనమైన సిగ్నల్ వినిపించదు. అది నాకు తెలుసు. ఆదివారం కబుర్లకు అంత పట్టింపెందుకో మాత్రం తెలిసేది కాదు.

చందాపుర వైపు చెరువు పొంగిన రోజు ఫోన్లు మూగబోయాయి. అధికారుల వైర్‌లెస్ రక్షణ పనులతోనే నిండిపోవడంతో, సహాయ కేంద్రాల కబుర్లు చేరవేయడానికి మమ్మల్ని పిలిచారు. కంట్రోల్ రూమంతా తడిసిన కేబుళ్లే. మైకు సరోజమ్మగారిది, రాసుకోవడం నాది. మంచినీళ్లు, ఇన్సులిన్, దుప్పట్లు. ఒక్కో కేంద్రం చెప్పడం ముగిశాక ఆమె ఆగేవారు. పక్కనున్న ఫైర్ ఆఫీసరుకు ఓపిక నశించింది.

"బేగ కానీండి మేడం. ఇంకా శానా కేంద్రాలు కాచుకోని ఉండాయి. ఊరికే ఎందుకు నిలిపేస్తారు?"

"ఊరికే కాదప్పా. ఈ సందు మనది కాదు."

ఆ సందులోనే, గరగరల మధ్య, ఒక గొంతు. "బోటు తిరగబడింది... ముగ్గురం... స్కూలు గోడ పట్టుకోని ఉండాము..."

అది మా హామ్ మిత్రుడు రవి గొంతు. ఉదయం ఇద్దరు ఫైర్ సిబ్బందితో బోటులో బయలుదేరాడు. వాళ్లు చేరవలసిన గట్టుకు మరో బోటు చేరితే, అది వాళ్లదేననుకున్నాం. సిబ్బంది వైర్‌లెస్ సెట్టు నీళ్లపాలై, రవి చేతిలోని చిన్న హామ్ సెట్టే మిగిలింది. ఎవరూ వాళ్లను వెతకడం లేదు. ఆఫీసరు నావైపు చూశాడు. నేను రవి మాటలు రాసుకున్నాను.

సరోజమ్మగారి గొంతు మారలేదు. "అందరూ ఆగండి. ఎవరూ మాట్లాడొద్దు. రవీ, ఏ స్కూలు? మళ్లా చెప్పప్పా."

రవి స్కూలు పేరు చెప్పాడు. వేరే బోటు వెళ్లేసరికి రవి సెట్టులో బ్యాటరీ అయిపోయింది. ముగ్గురూ బతికారు. ఆ కబురు విని ఆఫీసరు కుర్చీలో కూలబడ్డాడు. ఆమె మైకు అందుకుని, "తరువాతి కేంద్రం చెప్పండి" అన్నారు. అది ముగిశాక మళ్లీ ఆగారు. ఈసారి ఆఫీసరూ ఊపిరి బిగబట్టి విన్నాడు.

ఇప్పుడు రేడియోలో నేనూ ప్రతి మాట తరువాత ఆగుతాను. చాలాసార్లు గరగర తప్ప ఏమీ ఉండదు. అయినా వింటాను. ఆమె చేతిమీద తట్టకముందు, నేను సందు లేకుండా మాట్లాడిన రోజుల్లో, నా గొంతు కింద ఎవరున్నారో నాకిక ఎప్పటికీ తెలియదు.