రోజీ పాటలో ఇంకో పేరు

ఏడేళ్ళయింది. ఈ మాట ఎవరితోనూ అనలేదు. మా ఆయనతో అనలేదు. నాతో నేను కూడా పూర్తిగా అనుకోలేదు. సగం దాకా వచ్చేసరికి లేచి, తోమిన గిన్నెలే మళ్ళీ తోముతూ ఉండేదాన్ని.

చెప్తే నవ్వుతారేమో. నేను ఎవరి కాపురమూ కూల్చలేదు, ఎవరి ఆస్తీ తినలేదు. ఒక పాత క్యాసెట్టు చెరిపేశాను. దీనికి ఏ పోలీసూ కేసు రాయడు. మరి ఎందుకింత బరువు? మీరు నన్ను ఎరగరు, నేను మిమ్మల్ని ఎరగను. అందుకే మీకు చెప్పగలుగుతున్నాను. మధ్యలో ఆపితే మళ్ళీ మొదలుపెట్టలేను కాబట్టి ఓపిగ్గా వినండి.

ఎనభైల్లో సికింద్రాబాద్‌లో 'నార్త్ క్యాబిన్' అని ఒక బ్యాండు ఉండేది. రైల్వే క్వార్టర్స్ కుర్రాళ్ళు అయిదుగురు. గిటార్లు పట్టుకుని తెలుగులో పాప్ పాటలు పాడేవాళ్ళు. మొత్తం కలిపి ఒక్క క్యాసెట్టు వచ్చింది. తర్వాత ఉద్యోగాలొచ్చి ఎవరి దారిన వాళ్ళు పోయారు. పాడే అతను చాలా కాలం క్రితమే చనిపోయాడు. బయటి ఊళ్ళ వాళ్ళకి వాళ్ళ పేరు కూడా తెలియదు. మాకు మాత్రం, ఆ రోజుల్లో కాలేజీలో ఉన్నవాళ్ళకి, ఆ పాటలంటే ప్రాణం.

ఆ ప్రాణాన్నే పట్టుకుని పదేళ్ళ క్రితం ఫేస్‌బుక్‌లో ఒక గ్రూపు పెట్టాను. వంద మంది దాకా చేరారు. అందరూ నా ఈడు వాళ్ళే, మోకాళ్ళ నొప్పుల వాళ్ళే. మేం మాట్లాడుకునే విషయాలు వింటే మా పిల్లలు తల పట్టుకునేవారు. ఫలానా పాటలో డ్రమ్సు వాయించింది మనిషా, మిషనా? రోజీ పాటలో 'వాన కురిసే ప్లాట్‌ఫామ్ మీద, రోజీ, ఈ గొడుగు ఎవరిది' అన్నాడా, 'ఈ గొడవ ఎవరిది' అన్నాడా? ఆ గొడుగూ గొడవా మీద వారం రోజులు కొట్టుకున్నారు. చివరికి నేను గొడుగు అని తేల్చాను. నేను తేలిస్తే తేలినట్టే. అందరూ 'మేడం' అనేవారు. 'మేడంని అడగండి, మేడం దగ్గర క్యాసెట్ ఉంది.'

ఆ క్యాసెట్టే నా పెద్దరికం. రైల్వే హాల్లో బ్యాండు చేసిన ఆఖరి ప్రోగ్రాముని మా అన్నయ్య, ఇప్పుడు లేడు, తన టూ-ఇన్-వన్ మీద రికార్డు చేశాడు. ఇంకెవరి దగ్గరా అది లేదు. ఆ రోజు మొదటి నుంచి చివరి దాకా నేను అక్కడే ఉన్నానని గ్రూపులో ఎన్నిసార్లు రాశానో లెక్కలేదు.

అది అబద్ధం. సగంలోనే మా నాన్న వచ్చి నన్ను ఇంటికి తీసుకుపోయాడు. ఇంటర్ చదివే ఆడపిల్ల ఏడు దాటాక హాల్లో ఉండటమేమిటని అందరి ముందూ కసిరాడు. మిగతా సగం అన్నయ్య ఒక్కడే ఉండి రికార్డు చేసుకొచ్చాడు. తెల్లారి అది నా చేతిలో పెట్టాడు. ఇంకెవరూ దాని మీద పాటలు ఎక్కించకుండా, నేనే పిన్నీసుతో క్యాసెట్టు అంచునున్న రెండు చిన్న రేకులూ విరిచేశాను. ఆ రేకులు విరిస్తే దాని మీద ఇక ఏదీ రికార్డు కాదు. ఇది గుర్తుంచుకోండి. ముందు ముందు పనికొస్తుంది.

మొదటి వైపే వింటూ ఉండేదాన్ని. రెండో వైపు జనం గోల ఎక్కువ. నిజానికి గోల కాదు కారణం. అది వింటుంటే నాన్న నన్ను రెక్క పట్టుకుని లాక్కుపోవడం గుర్తొచ్చేది. చివరి దాకా ఏ రోజూ వినలేదు.

ఒకరోజు గ్రూపులో ఎవరో, ఆఖరి ప్రోగ్రాములో ఏ ఏ పాటలు పాడారని అడిగారు. నేను పన్నెండు పాటల జాబితా పెట్టాను. కింద ఒక వాక్యం కూడా చేర్చాను: 'రోజీ పాట ఆ రోజు పాడలేదు.' ఎందుకు రాశాను? నేనున్నంత సేపూ పాడలేదు కాబట్టి. మిగతాది, రెండో వైపు ఎప్పుడో ముక్కలుగా విన్నదాన్ని బట్టి ఊహించుకుని రాశాను.

దాని కింద శంకర్రావు గారు కామెంటు పెట్టారు. మెట్టుగూడలో ఉంటారు, రైల్వేలో ఫిట్టరుగా చేసి రిటైరయ్యారు. గ్రూపులో పెద్దగా మాట్లాడేవారు కాదు.

'మేడం, పాడిండ్రు. నేను ఆడనే ఉన్న. ఆఖరికి పాడిండ్రు. రోజీ జాగల మా ఇంటామె పేరు పెట్టి పాడిండు. అప్పటికి మాకు పెండ్లి గాలే. నేనే చిట్టీ రాసి ఇచ్చిన. రోజీ అంటే రెండక్షరాలు, సరళ అంటే మూడాయె, తాళంల పట్టలే. గందుకని సర్లా అని గుంజి పాడిండు.'

నాకు ఒళ్ళు మండింది. నా జాబితా కింద, నా గ్రూపులో, నన్ను కాదంటాడా? ఇంకో మాట కూడా ఒప్పుకోవాలి. మాది శ్రీకాకుళం వైపు. పదేళ్ళప్పుడు ఈ ఊరొచ్చాం, బోయిగూడలోనే పెరిగాను, ఇక్కడి అన్నమే తిన్నాను. అయినా ఆ కామెంటులోని 'జాగల', 'గందుకని' చూసి నవ్వుకున్నాను. ఇలా రాసేవాడికి పాట గురించి ఏం తెలుసనుకున్నాను. సిగ్గుచేటు. కానీ అనుకున్నాను.

కోతల్ని ఈ ఊళ్ళో గప్పాలంటారు. అప్పుడు ఇలా రాశాను: 'గప్పాల్ ఎక్స్‌ప్రెస్ ఎన్నో నంబరు ప్లాట్‌ఫామ్ మీదికి వస్తోందండీ?'

నవ్వే బొమ్మలు వరసగా వచ్చి పడ్డాయి. ఎంత హాయిగా అనిపించిందో! సాయంత్రానికి ఆయన పేరు 'గప్పాల్ శంకర్' అయిపోయింది. ఆ తర్వాత ఎవరు ఏ గొప్ప చెప్పుకున్నా 'ఇది శంకరన్న చిట్టీయేనా?' అనేవారు. ఆయన రెండుసార్లు 'నిజమే అన్నా, ఒట్టు' అని రాసి ఊరుకున్నారు.

మర్నాడు మధ్యాహ్నం బీరువాలోంచి క్యాసెట్టు తీశాను. ఎందుకు తీశాను? ఆయన అబద్ధమని రుజువు చేసి ఇంకాస్త నవ్విద్దామని. అంత పొగరు నాకు. రెండో వైపు పెట్టి కూర్చున్నాను. పదకొండో పాట అయింది. పన్నెండోది అయింది. పాడే అతను ఏదో కాగితం చదువుతున్నట్టు గొణిగాడు, జనం నవ్వారు, గిటారు మొదలైంది. రోజీ పాట.

'వాన కురిసే ప్లాట్‌ఫామ్ మీద, సర్లా, ఈ గొడుగు ఎవరిది.'

వెనక్కి తిప్పి మళ్ళీ విన్నాను. మళ్ళీ విన్నాను. ఆయన చెప్పినట్టే, తాళానికి సరిపోక ఆ పేరుని గుంజాడు.

ఆ క్షణంలో ఫోను తీసి నాలుగు మాటలు రాస్తే అయిపోయేది. 'తప్పు నాది. ఆయన చెప్పింది నిజం.' రాయలేదు. రాస్తే, మరి మీరు చివరి దాకా ఉన్నారుగా, మీకెలా తెలియలేదు మేడం అని అడుగుతారు కదా. ఎవరూ అడిగేవారు కాదేమో! అడిగినా ఏం కొంపలు మునుగుతాయి? ఈ రోజు ఇంత తేలిగ్గా తోస్తోంది. ఆ రోజు మాత్రం తేలు కుట్టిన దొంగలా నోరు మూసుకుని కూర్చున్నాను.

వారం తర్వాత ఆయన నాకు విడిగా మెసేజ్ పెట్టారు. గ్రూపులో జరిగిందాని గురించి ఒక్క నిష్ఠూరం లేదు.

'మేడం, మీ తాన క్యాసెట్ ఉన్నదంటరు గద. రెండో దిక్కు జెర ఆఖరు దాంక ఇనుండ్రి. నా కోసం గాదు, మా సరళ కోసం. వాళ్ళ నాయిన పంపకుంటే ఆ దినం ఆమె రాలే. పెండ్లయినకాడికెళ్ళి చెప్తున్న, నమ్మది. గప్పాలంటది. ఒక్కపారి ఇనిపిస్త.'

వాళ్ళ నాయన పంపలేదట. నన్ను మా నాన్న లాక్కుపోయాడు. ఆ ఒక్క వాక్యం దగ్గరైనా నేను మెత్తబడాల్సింది. లేదు. 'ఆ క్యాసెట్టు రెండో వైపు ఎప్పుడో చెరిగిపోయిందండీ, పిల్లలు ఏదో రికార్డు చేసేశారు' అని రాశాను. ఆయన జవాబు ఇప్పటికీ నా ఫోనులో ఉంది. 'అయ్యో. పోనీ తియ్యిండ్రి మేడం. మీ తప్పేమున్నది.' ఆ రాత్రే గ్రూపులోంచి వెళ్ళిపోయారు.

ఇక్కడితో ఆగి ఉంటే కనీసం క్యాసెట్టయినా మిగిలేది. ఆగలేదు. రెండో వైపు చెరిగిపోయిందని గ్రూపులోనూ చెప్పాను. అక్కడ ఒకాయన పాత క్యాసెట్లని కంప్యూటరులోకి ఎక్కించే మిషను కొన్నారు. 'మేడం, మీ క్యాసెట్టు ఇవ్వండి, చెరిగింది కూడా ఎంతో కొంత బయటికి తీస్తాను' అన్నారు. ఇవ్వనంటే అనుమానం. ఇస్తే వింటారు. గుమ్మడికాయల దొంగని నేను, ఊరికే భుజాలు తడుముకున్నాను. ఆయనకి అలాంటి అనుమానమే లేదు, నాకు తెలుసు.

ఒక పొద్దున మా ఆయన మార్కెట్టుకి వెళ్ళగానే క్యాసెట్టు తీశాను. నేనే విరిచిన రేకు జాగాలో ఖాళీ ఉంది కదా. దాని మీద సెల్లో టేపు ముక్క అంటించాను. అలా మూస్తేనే మళ్ళీ రికార్డు అవుతుంది. చేయి తగిలి పోయిందనడానికి వీల్లేదు. పదిహేడేళ్ళప్పుడు ఆ పాటల్ని కాపాడుకోవడానికి చేసిన పనిని, నా చేతులతోనే, కత్తెర తెచ్చుకుని, కొలుచుకుని, అంటించి, తీసేశాను. టేప్ రికార్డరులో పెట్టి ప్లే, రికార్డు మీటలు రెండూ కలిపి నొక్కాను. ముప్పై నిమిషాలు దాని ముందే కూర్చున్నాను. చక్రాలు తిరుగుతుంటే చూశాను. ఎప్పుడైనా ఆపొచ్చు. వేలు చాపితే చాలు. మధ్యలో కుక్కరు విజిలేసింది, వెళ్ళి స్టవ్ కట్టేసి మళ్ళీ వచ్చి కూర్చున్నాను. ఇప్పుడు ఆ వైపు మా ఇంటి ఫ్యాను చప్పుడు ఉంది, కుక్కరు విజిలు ఉంది, ఒకచోట నా దగ్గు ఉంది.

రెండేళ్ళకి శంకర్రావు గారు పోయారు. ఆయన్ని చూసి నవ్విన వాళ్ళే గ్రూపులో దండల బొమ్మలూ దీపాల బొమ్మలూ పెట్టారు. గ్రూపు తరఫున పలకరించడానికి నేనూ ఇంకో ఇద్దరూ మెట్టుగూడ వెళ్ళాం. మిగతా ఇద్దరూ వాళ్ళ కొడుకుతో వరండాలో కూర్చున్నారు. నేను లోపల సరళ గారి దగ్గర కూర్చున్నాను.

"నువ్వేనా క్యాసెట్ మేడం?" అందావిడ. "బాగ చెప్తుండె నీ గురించి. మస్తు ఎరుక ఆమెకు, అనేటోడు."

నేను తల వంచుకున్నాను.

"ఒకటి అడుగుత చెల్లె. నా పేరు పెట్టి పాడిండ్రని పెండ్లయిన దినంకెళ్ళి చెప్పిండు. నేను ఊకె నవ్విన. దవాఖానల సుత అడిగిండు, ఇప్పుడన్న నమ్ముతవా అని. నమ్ముత అన్న. నమ్మలే. ఆయన పరేషాన్ కావద్దని అన్న. నువ్వు ఆడ ఉంటివి గద. నిజంగ పాడిండ్రా?"

ఆవిడ నా మొహంలోకే చూస్తోంది. వరండాలోంచి మావాళ్ళ మాటలు వినపడుతున్నాయి. వాళ్ళు మాకు వినపడుతున్నారంటే వాళ్ళకీ మేం వినపడతాం.

"నాకు గుర్తులేదక్కా," అన్నాను.

"పోనీ తియ్యి. గన్ని ఏండ్లాయె, నీకు మాత్రం ఏం యాదుంటది." నా చేయి పట్టుకుంది. "అబద్ధమే అయినా మంచి అబద్ధం చెప్పిండు. గంతే చాలు నాకు."

బయటికొచ్చి చెప్పులు వేసుకుని, మిగతా ఇద్దరి కంటే ముందే గేటు దాటాను.

గంతే చాలందిగా అని ఎన్నిసార్లు నాకు నేను చెప్పుకున్నానో. ఆవిడ తృప్తిగానే ఉంది కదా, ఇప్పుడు కెలకడమెందుకు? కాదు. ఆవిడ సరిపెట్టుకుంది. ఆయన మంచాన పడి కూడా ఆ ఒక్కటీ నిజమని ఒప్పించుకోవాలని చూశాడు. ఆవిడ ఊరికే తలూపింది. ఆ తలూపుని నిజం చేసే వస్తువు నా బీరువాలో ఉండేది. నేను చెరిపాను.

నాలుగుసార్లు మెట్టుగూడ దాకా వెళ్ళాను. ఒకసారి వాళ్ళ గేటు దగ్గర నిలబడ్డాను కూడా. లోపల రేడియో మోగుతోంది, ఆవిడ ఎవరినో కేకేస్తోంది. వెనక్కి వచ్చేశాను. నిజం చెప్పడం కష్టమై కాదు. చెప్పగానే ఆవిడ మొహం వెలిగిపోతుంది. అయితే వినిపించు చెల్లె, అంటుంది. అప్పుడేం వినిపించను? ఫ్యాను చప్పుడా? మా కుక్కరు విజిలా?

క్యాసెట్టు ఇంకా పారెయ్యలేదు. సెల్లో టేపు పసుపు రంగుకి తిరిగింది. ఒక మూల లేచింది.

ఇవాళ పొద్దున గ్రూపులో నా పాత జాబితా తెరిచి చూశాను. ఇప్పటికీ అదే పైన ఉంది. కొత్తగా చేరిన వాళ్ళందరూ మొదట చదివేది అదే. 'రోజీ పాట ఆ రోజు పాడలేదు.' ఆ వాక్యం తీసేశాను. పదమూడో నంబరు వేశాను. దాని పక్కన ఏం రాయాలో తెలియక అరగంట కూర్చుని, ఆఖరికి నన్నెరగని మీ దగ్గరికొచ్చి ఇదంతా రాస్తున్నాను. ఎవరైనా క్షమిస్తారని కాదు. క్షమించాల్సిన ఆయన లేడు. ఆవిడ క్షమిస్తుంది, నాకు తెలుసు. 'పోనీ తియ్యి' అంటుంది. అదే నేను వినలేను.

ఇప్పుడు ఆ పాటకి సాక్ష్యం నా మాట ఒక్కటే. ఇంత అబద్ధమాడిన నోటి మాటని ఎవరు నమ్ముతారో తెలియదు. అయినా చెప్తున్నాను. రెండో వైపు, ఆఖరి పాట. సర్లా అన్నాడు. రెండుసార్లు అన్నాడు. రెండోసారి అంటున్నప్పుడు అతనికే నవ్వొచ్చింది. జనంలోంచి ఎవరో గట్టిగా ఈల వేశారు, ఆ ఈల ఎవరిదో నాకు తెలుసు. గప్పాలు కొట్టింది శంకర్రావు గారు కాదు. నేను.