స్ట్రా ఎయిట్ మేడం

రెబెకా మేడంతో ఏ మాట మొదలుపెట్టినా అది క్షయకరణ విభజన దగ్గరికే చేరేది. మా కాలేజీలో ఆవిడ జువాలజీ చెప్పేవారు, నేను లెక్కలు. కంబదూరులో మా ఇళ్లు పక్కపక్కనే. బిడ్డ పుట్టడానికి కావలసిన కణాల్లో, క్రోమోజోములు సగమయ్యే ఆ విభజనను మొదలుపెట్టించే జన్యువు పేరు స్ట్రా ఎయిట్. పిల్లలు ఆ పేరు ఆవిడకే పెట్టేశారు.

ఒకసారి మా వీధిలో ఒక పిల్ల సీమంతంలో అక్షింతలు వేస్తూ, "నీ కడుపులోది ఆడబిడ్డయితే, ఆ బిడ్డ అండాల్లో విభజన ఇప్పటికే మొదలై ఉంటాది. అంటే నీ మనవళ్ల పని కూడా ఈడే మొదలైందమ్మా" అన్నారు.

"ఇంకా కాన్పే కాలేదు, అప్పుడే మనవళ్లా మేడం!" అని ఆ పిల్ల బిత్తరపోయింది.

"మగబిడ్డయితే తొందరలేదులే. మీసాలొచ్చే వయసుకు మొదలవుతాది" అని ధైర్యం చెప్పారు.

సంతలో క్యారెట్లు ఏరుతూ, "విటమిన్ ఎ లేకుంటే ఆ జన్యువు మేల్కోదు" అంటే, "నాకు జన్యువు వద్దు తల్లీ, కిలోనా అరకిలోనా చెప్పు" అంది అమ్మే ఆవిడ.

మా ఎదురింటి ఆంజినమ్మ కోడలు చంద్రిక. పెళ్లయి ఆరేళ్లయినా పిల్లల్లేరు. ఆ ఎండాకాలమంతా మేడం ఆంజినమ్మ ఇంటి అరుగు మీద కూర్చుని ఆమెకు ఇదే పాఠం చెప్పారు. "ఆ సుద్ది ఇడువు తల్లీ, వేరే మాటేమన్నా చెప్పు!" అని ఆమె విసుక్కునేది.

ఒక ఆదివారం ఆంజినమ్మ కోడలి చీరలు మూటగట్టి గుమ్మంలో పడేసింది.

"గోరంట్లకు, మీ నాయన దగ్గరికి పో. నా కొడుక్కి ఇంకోదాన్ని చేస్తా."

కొడుకు ఓబిలేష్ గోడకానుకుని తల వంచుకున్నాడు. కేకలు విని మేడం, నేను పోయాం.

"చెప్పు ఓబిలేసూ" అన్నారు మేడం మెల్లగా.

"లోపం నాదేమ్మా. ఎండాకాలానికి ముందే మేడం తోడొస్తే బెంగళూరులో పరీక్ష చేయించుకున్నా. నా కణాలు ఆ విభజనకు ముందే నిలిచిపోతాండాయంట."

ఆంజినమ్మ మొహం పాలిపోయింది. "అంటే నా కొడుకు మగోడు కాదా?"

మేడం ఆమె పక్కనే కూలబడ్డారు. "నిండా మగోడే. మొదలుపెట్టమని చెప్పే జన్యువులో పొరపాటు. నీ తప్పు కాదు, వాని తప్పు కాదు. ఈ చంద్రిక తప్పు మొదలే కాదు."

ఆంజినమ్మ మేడం వైపు తిరిగింది.

"ఎండాకాలమంతా నువ్వు చెప్తాండింది మావాని గురించేనా?"

మేడం తలూపారు.

"ఒక్క మాటలో చెప్పచ్చు గదా!"

"ఒక్క మాటయితే తిట్టయిపోతాది ఆంజినమ్మా."

ఆంజినమ్మ లేచి మూట విప్పింది. చీరలు ఒక్కొక్కటే దులిపి దండెం మీద వేసింది. లోపలికి పోయి గ్లాసుతో మజ్జిగ తెచ్చింది. మేడం చేయి చాపారు. గ్లాసు ఆవిడను దాటి చంద్రిక ముందుకు పోయింది.

"ముందు నువ్వు తాగు. పొద్దున్నించి పస్తుండావు."

చాపిన చేతిని మేడం నెమ్మదిగా వెనక్కి తీసుకున్నారు. నవ్వును దాచుకోవడం మాత్రం ఆవిడ వల్ల కాలేదు.