అలక పులుసు

అణాలు పోయి నయాపైసలు వచ్చిన కొత్తలో మా బావ మైపాడులో బస్సు నిలిచే చోట హోటలు నడిపేవాడు. హోటలంటే పైన తాటాకు, కింద నాలుగు బల్లలు, లోపల మా అక్క. ఈ మూడింటిలో జనం దేనికోసం వస్తున్నారో మా బావకు తప్ప అందరికీ తెలుసు.

అది మొదలైన తీరు కూడా అందరికీ తెలిసిందే. ఒకరోజు బావ వలదారం కొనుక్కొస్తానని నెల్లూరు వెళ్లి, స్నేహితులతో సినిమా చూసి వచ్చాడు. దారం తేవడం మరిచిపోయాడు. ఆ సినిమాలో పాట కూనిరాగం తీస్తూ గడపలో అడుగుపెట్టకూడదన్నది కూడా మరిచిపోయాడు. అక్క మామిడికాయ వేసి చేపల పులుసు వండి, తినకుండా ఎదురుచూస్తోంది. పాట వినగానే చట్టిమీద మూత పెట్టి గోడవైపు తిరిగి కూచుంది. ఆయన ఆకలి లేదన్నాడు. ఆమె అసలు అడగలేదు. ఇద్దరూ పస్తు.

మర్నాడు బస్సు కండక్టరు తినడానికేమైనా ఉందా అని వచ్చాడు. ఇంట్లో ఉన్నది ఆ చట్టి ఒక్కటే. చేపల పులుసుకు మర్నాడే రుచి పడుతుందని మా వైపు చంటిపిల్లలకు కూడా తెలుసు. ఆకు నాకినంత పని చేసి, వెళ్లి డ్రైవరును కూడా లాక్కొచ్చాడా కండక్టరు. సంగతంతా కూపీ లాగి, దానికి అలక పులుసని పేరు పెట్టిందీ అతనే. హోటలు అలా పుట్టింది. ఆ తర్వాత బస్సు ఆగగానే, "అలక పులుసు కాడ దిగేవాళ్లు దిగండయ్యా!" అని కేక వేసేవాడు. సముద్రం చూడటానికి వచ్చినవాళ్లు కూడా ముందు ఇక్కడే దిగేవారు.

ఇంత ప్రచారం ఊరికే దొరుకుతుంటే మనిషన్నవాడు నోరు మూసుకుని గల్లాపెట్టె ముందు కూచోవాలి. నెల్లూరులో ఎవరో మిఠాయి అంగడివాడు తన తాత కథను బోర్డు మీద రాయించాడట. అది చూసొచ్చినప్పటి నుంచి మా బావకు కథ జబ్బు పట్టుకుంది.

"మనకుండాది గదా బావా కథ," అన్నాను.

"మొగుడూ పెళ్లాం అలిగి పస్తున్నారనా? అదేం కథరా? పరువు తక్కువ! ఎస్సెల్సీ చదివినోడివి, మంచిదొకటి రాయి. మా అవ్వను పెట్టు."

అవ్వంటే ఆయన నాయనమ్మ. చనిపోయి చాలా కాలమైంది. బావ చెప్పుకుపోయాడు. వేటకొచ్చిన జమీందారు దారి తప్పాడట. అవ్వ చేతి పులుసు తిని కన్నీళ్లు పెట్టుకున్నాడట.

"కారం ఎక్కువైందా బావా?"

"నోరు ముయ్యి. చేతికున్న కంకణం తీసిచ్చినాడు."

"అదేది మరి?"

"తుఫానులో కొట్టుకుపోయిందని రాయి."

మా తీరంలో చూపించలేని వస్తువులన్నీ తుఫానులోనే పోతాయి. రాసిచ్చాను. 'అవ్వగారి రాజభోగ పులుసు' అని, కింద కథతో సహా బోర్డు వెలిసింది. టెంటు సినిమావాళ్ల మైకు జట్కా ఊరంతా తిరిగి జమీందారును ఏడిపించింది.

అక్కకు చదవడం వచ్చు. అయినా బోర్డు నాచేత చదివించింది.

"ఇందులో నేనేడుండానురా?"

వెతికినట్టు నటించాను. ఎక్కడా లేదు.

"అట్టయితే అవ్వగారినే వండమను," అని వెళ్లి గడపమీద కూచుంది.

చేపల గంపతో వచ్చిన ఆమెను కూడా తిప్పి పంపబోయింది. "మా హోటల్లో ఇప్పుడు వంట అవ్వగారిది. ఆమెకే అమ్ముకో."

"ఆ ముసిల్దా! ఆమె వండితే పిల్లులు గూడా ఊరిడిచి పోతాయి, నాకు తెలీదా!" అంటూ ఆమె గంప దించి, తమాషా చూడటానికి పక్కనే చతికిలబడింది.

బస్సు వచ్చింది. పొయ్యి మీద పొగ లేకపోవడం చూసి కండక్టరు మొహం వేలాడేశాడు. "ఏందక్కా, మళ్లీ అలకా?" అన్నాడు. అక్క బోర్డు వైపు చూపించింది. దిగినవాళ్లు చదివి, ముక్కులెగబీల్చి, వాసనేదీ తగలక వెళ్లిపోయారు. ఇంకో నాలుగురోజులు ఇలాగే సాగితే హోటలు మూతే. బావ గడప దగ్గర నిలబడి చేతులు నలుపుకున్నాడు.

"నీకేం గావాల్నో చెప్పుమే."

"జరిగింది జరిగినట్టు చెప్పు. అదే మైకులో."

జట్కాను పిలిపించారు. బావ మైకు నా చేతిలో పెట్టబోయాడు.

"సినిమాకు పొయ్యింది నేనా?" అన్నాను.

చివరికి ఆయనే అందుకున్నాడు. "మహాజనులారా! మా హోటల్లో పులుసు వండేది మా ఇంటామె. అవ్వ గాదు, జమీందారూ రాలేదు. ఒకనాడు నేను పనిమీద నెల్లూరికి పోయి..."

"ఏం పనో చెప్పమను," అంది అక్క గడపమీది నుంచి.

మెల్లగానే అంది. కానీ జట్కావాడు కదలబోతున్న గుర్రాన్ని నిలిపి, పరోపకారిలా మైకు దగ్గరకు వంగి, "ఏం పనో చెప్పమంటా ఉండాదన్నా ఆమె!" అన్నాడు. ఊరంతా విన్నది. వలలు బాగుచేసుకునేవాళ్లు కూడా చేతులాపి ఇటు తిరిగారు.

బావ మైకును నోటికి కాస్త దూరంగా జరిపాడు. "సినిమాకి," అన్నాడు.

"ఏ బొమ్మన్నా? మన టెంటుకొస్తే మళ్లీ చూద్దువు!" అన్నాడు జట్కావాడు. అతని యజమాని అదృష్టవంతుడు.

అక్క లేచి చేపల గంప లోపలికి లాక్కుంది. బావ బోర్డు దించాడు. మర్నాడు బస్సు నిలిచే సరికి బల్లలు నిండాయి.

వచ్చినవాళ్లు ఊరికే తినలేదు. ప్రతివాడూ "బొమ్మ బాగుండిందా అన్నా?" అని అడిగేవాడు. బావ మొదట్లో ఉడుక్కున్నాడు, తర్వాత తనే వడ్డిస్తూ కథ చెప్పడం మొదలుపెట్టాడు. మైకు ఆలోచన కూడా తనదేనన్నాడు. పోనీలే అని ఊరుకున్నాను. కొన్నాళ్లకు గూడూరు నుంచి వచ్చిన నిమ్మకాయల వ్యాపారి ఒకాయనకు చెబుతుండగా విన్నాను. ఆరోజు సినిమాకు వెళ్లమని బలవంతపెట్టి పంపింది మా అక్కేనట.

లోపల గరిటె చట్టి అంచుకు ఒక్కసారి గట్టిగా తగిలింది.

బావ దగ్గి, "కాదులే, నేనే పోయినా," అని మళ్లీ మొదటినుంచి చెప్పాడు.