ఎడమ చెవిలో చలపతిరావు

శ్యామలాదేవి భర్త చలపతిరావు సినిమాల్లో పాడేవాడు. అయితే తెరమీద పేరు వేసేంత పాట కాదు. హీరో పాడుతుంటే వెనక నుంచి "ఓహోహో" అనేవాళ్ళుంటారు చూడండి, ఆ గుంపులో ఒకడు. పాతికేళ్ళు మద్రాసులో ఓహోహో అన్నాడు. సినిమావాళ్ళు హైదరాబాదు వచ్చేస్తుంటే వాళ్ళ వెనకే వచ్చి, ఫిలింనగర్‌లో రెండు గదులు అద్దెకు తీసుకుని ఇక్కడా ఓహోహో అన్నాడు. తొంభై రెండు మాఘమాసంలో ఒక పొద్దున కాఫీ తాగుతూ తాగుతూనే వెళ్ళిపోయాడు. గ్లాసులో సగం అలాగే ఉండిపోయింది.

పోయే ముందు ఏడాది ఒక పడవ పాట పాడాడు. ఆ రోజు ఇంటికొచ్చిన మనిషి కాలు నేలమీద నిలవలేదు.

"ఈసారి గుంపు లేదే! ఇద్దరమే. ఎడమ మైకు దగ్గర నేను, కుడి మైకు దగ్గర బసవపున్నయ్య. చెవులకి పెట్టుకునే హెడ్‌ఫోన్లలో విన్నావనుకో, ఎడమ చెవిలో అచ్చంగా నేనొక్కణ్ణే ఉంటాను."

"ముందా ముక్కుపొడుం మానండి. చొక్కాలు ఉతకలేక చస్తున్నాను," అంది శ్యామల.

ఆ మాట అక్కడితో సరి.

ఆయన పోయాక ఇంట్లో టేప్‌రికార్డరు మీద ఆ పాట పెట్టుకుంటే హీరో గొంతూ, వయొలిన్లూ, నీళ్ళ చప్పుడూ అన్నీ ఒకటే ముద్ద. పప్పూ కూరా చారూ ఒక్కసారే కలిపేసిన అన్నంలో ఆయన ఏ మెతుకో ఎలా తెలుస్తుంది? ఒక్కసారి ఆ గొంతు విడిగా వినాలి. శ్యామలకి అదొక్కటే కావాలి, ఇంకేమీ అక్కర్లేదు.

ఇంట్లో ఉండే ఆడపడుచు జగదాంబకి విసుగెత్తింది. "వదినా, ఇప్పటికి నలభై సార్లయింది. ఆ పడవ ఒడ్డుకి చేరదా?"

"మీ అన్నయ్యే కదే పాడింది."

"మా అన్నయ్యే. కాదన్నానా? రోజుకి నలభైసార్లు పాడితే బతికుండగానే గుమ్మం బయటికి పంపేదానివి." అని, పెట్టె అడుగునుంచి ఒక పాత వాక్‌మన్ తీసిచ్చింది. "దీని హెడ్‌ఫోన్ల తీగ పిల్లి కొరికేసింది. కొత్తవి కొనుక్కుని వీధిలో తిరుగుతూ విను. డాక్టరు ఎటూ నడవమన్నాడు."

శ్యామల క్యాసెట్టు, వాక్‌మన్ సంచిలో వేసుకుని అమీర్‌పేటలో వెంకటనర్సయ్య రేడియోల కొట్టుకి పోయింది. ఆయన ముందుగా చెవి రంధ్రంలో గుచ్చుకునే గుండీల్లాంటివి ఇచ్చాడు. దిద్దులు అడ్డొచ్చి ఒకటి జాకెట్టు మీద, రెండోది కింద పడ్డాయి.

"గివి పిల్లలు పెట్టుకునేటివమ్మా. గిది చూడుర్రి, పెద్దది." అది రెండు దోసకాయ చెక్కలంత ఉంది. పెట్టుకుంటే తలమీద రోకలి మోస్తున్నట్టుంది. మూడోది సన్నటి రేకు పట్టీ, రెండువైపులా నల్లటి స్పాంజి బిళ్ళలు. మెత్తగా బాగానే ఉంది కానీ పట్టీకి ముడి అడ్డం.

"అమ్మా, జర కొప్పు కిందికి దింపుర్రి."

"నా ముడి సంగతి నీకెందుకయ్యా?"

"నాకెందుకమ్మా, పట్టీకి కావాలె."

శ్యామల బజార్లో నిలబడి ముడి విప్పి కిందకి వేసుకుంది. వెంకటనర్సయ్య ఎదురుగా నిలబడి, తను పెట్టుకుని చూపించి, తీసి అలాగే చేతికిచ్చాడు. "నేను పెట్టుకున్నట్టే పెట్టుకోర్రి. రాత చూస్కోవాలె, ఎడమ దిక్కుదానికి ఇంగ్లీషుల ఎల్లు అని ఉంటది."

శ్యామల చదువు ఐదో తరగతి. అదీ తెలుగులో. ఎల్లు ఎలా ఉంటుందని అడగడానికి మొహం చెల్లలేదు. "చూశాలే," అని, చేతికొచ్చినదాన్ని వచ్చినట్టే తలకి తగిలించుకుంది. పాట పెట్టాడు. కుడి చెవి బిళ్ళ పైకెత్తి పట్టుకుంది. ఎడమ చెవిలో ఒక మగగొంతు, ఒంటరిగా, నీళ్ళమీద నుంచి వచ్చినట్టు "ఓహోహో" అంది.

శ్యామల కళ్ళలోంచి బొటబొటా నీళ్ళు.

వెంకటనర్సయ్య హడలిపోయాడు. "ఏందమ్మా, తీగ గిట్ల గుచ్చుకుందా?"

"మా ఆయనయ్యా!" అంది. చెవిలో పాట మోగుతుంటే మాట కేకే అవుతుంది కదా, ఆ కేకకి ఎదురు కొట్టు వాళ్ళు కూడా బయటికొచ్చి ఈమె మొగుడెక్కడని వెతికారు.

ఎడమ చెవి బిళ్ళకి గుర్తుగా ఎర్రదారం కట్టుకుని ఇంటికొచ్చింది.

ఇక రోజూ సాయంత్రం జూబ్లీహిల్స్ రోడ్ల మీద నడక. పెద్ద పెద్ద గేట్ల ముందు కార్లు తుడుచుకునే డ్రైవర్లకి ఆమె రాక అలవాటైపోయింది. కుడి బిళ్ళ చెవి మీంచి పక్కకి జరిపి ఉంచుకుని, ఎడమదాంట్లో గొంతు వినిపించగానే, "బాగా పాడారండీ!" అని గట్టిగా అనేది. ఇంకాస్త ముందుకెళ్ళి జగదాంబ మీద చాడీలు చెప్పుకునేది. మొదట్లో ఎవరో నటీమణి డైలాగులు వల్లె వేస్తోందనుకున్నారు వాళ్ళు.

ఒక్కటే చిన్న నలుసు. ఆయన గొంతు అంత బొంగురా? ఇంట్లో ఎన్నడూ పాడిన మనిషి కాదు, పాటలో అలా మారుతుందేమో. అదీకాక పొడుం పీల్చే మనిషి నోరు తెరిచే ముందు ముక్కు ఎగబీల్చి తీరాలి. ఇందులో అది లేదు. 'నేను ముప్పై ఏళ్ళు మొత్తుకుంటే మానలేదు, మైకు చెప్పగానే మానేశాడా?' అని మైకు మీద కాస్త కోపం కూడా వచ్చింది.

నెల తిరిగాక ఒక సాయంత్రం చెక్‌పోస్టు దగ్గర బసవపున్నయ్య ఎదురొచ్చాడు. రికార్డింగు ముగించుకుని వస్తున్నాడు.

"అన్నయ్యగారూ, ఆగండి. మీ స్నేహితుణ్ణి వినిపిస్తాను," అని తనే ఆయన తలకి తగిలించింది. "ఎర్రదారం ఎడమవైపుండాలి. ఆ."

బసవపున్నయ్య కళ్ళు మూసుకుని విన్నాడు. తెరిచాడు. మళ్ళీ మూసుకున్నాడు.

"చెల్లెమ్మా, ఎడమ చెవిలో ఉన్నది నేను."

"అదేమిటి?"

"దారం కట్టినదాని మీద ఆర్ అని ఉంది. అంటే కుడి. ఇది తిరగేసి పెట్టుకున్నావమ్మా."

శ్యామల కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. "అయ్యో రామ! నెల రోజుల్నుంచీ నేను బాగా పాడారండీ అంటున్నది మిమ్మల్నా? మా జగదాంబ సంగతులన్నీ..."

"జగదాంబ సంగతులు నాకేం చేరలేదు కానీ, ఆ మెచ్చుకున్నది మాత్రం వెనక్కి తీసుకోకమ్మా. ముప్పై ఏళ్ళలో నన్నెవరూ మెచ్చుకోలేదు."

ఆయనే తిరగేసి ఆమె తలకి పెట్టాడు. ముడి అడ్డొస్తే తనే కిందకి దింపుకుంది. వయొలిన్లు అయ్యాయి. నీళ్ళ చప్పుడయింది. అంతలో ఎడమ చెవికి ఇంత దగ్గరగా, ముక్కు ఒక్కసారి ఎగబీల్చిన చప్పుడు. ఆ తర్వాతే ఓహోహో.

"మైకు ముందు కూడానా!" అని అరిచింది శ్యామల.

గేట్ల దగ్గర డ్రైవర్లు తలలు తిప్పి చూశారు. ఆమె కళ్ళు తుడుచుకుంటూ, నవ్వుతూ, పాట ఆపేసి క్యాసెట్టు కాస్త వెనక్కి తిప్పింది. ఓహోహో దాకా వెళ్ళనివ్వకుండా, ఆ ముక్కు చప్పుడొక్కటే మళ్ళీ వింది.