వేడిపాల తూకం

మా తాతయ్యకు ఉన్నది ఒకటే పిచ్చి. శక్తి ఎక్కించిన ప్రతి వస్తువూ బరువెక్కుతుందంటాడు. చల్లటి ఇస్త్రీపెట్టెను ఒంటిచేత్తో ఎత్తుతాడు. అదే కాలాక, పిడికి రెండు చేతులూ వేసి మూలుగుతాడు.

నలభై ఏళ్ళు తూకం యంత్రాలు బాగుచేసిన మనిషి. ఎప్పుడో ఒక కాలేజీలో త్రాసు రిపేరుకు వెళ్ళి, అక్కడి లెక్చరరు నోట ఈ ముక్క విని వచ్చాడు. ఆ రోజునుంచి మాకు తిప్పలు మొదలయ్యాయి. గోడగడియారానికి కీ ఇచ్చి, స్టూలు దిగి, అది వేలాడే మేకు వంక చూసేవాడు.

"చూశావటే, స్ప్రింగులో శక్తి చేరింది. మేకు వంగింది."

"అది మన పెళ్ళినాటి మేకు. నాతోపాటే వంగింది," అనేది నానమ్మ.

ఒకసారి ఇత్తడి గుండును పొయ్యిమీద కాల్చి, సున్నితపు త్రాసులో పెట్టాడు. బరువు పెరగకపోగా తగ్గింది. "వేడిగాలి పైకి లేస్తూ గుండును కూడా లేపుతోంది, దొంగముండ," అని ఆ పూటంతా గాలిని తిట్టాడు.

నేను ఎనిమిదో తరగతితో చదువుకు దణ్ణం పెట్టినదాన్ని. అయినా ఉండబట్టలేక మా పాత మాస్టారిని అడిగాను.

"మీ తాతయ్య చెప్పింది నిజమేనమ్మా. లీటరు నీళ్ళకు గట్టిగా మూతపెట్టి మరిగేదాకా కాస్తే బరువు పెరుగుతుంది. గ్రామును వంద కోట్ల ముక్కలు చేస్తే, అందులో నాలుగు ముక్కలంత."

ఇంటికొచ్చి చెప్పాను. తాతయ్య మీసం దువ్వుకున్నాడు. "విన్నావా, నాలుగంట." వంద కోట్ల సంగతి ఆయన చెవికి ఎక్కనే లేదు.

తర్వాత నానమ్మకు జ్వరమొచ్చింది. జ్వరం పోయింది గానీ ఆకలి తిరిగి రాలేదు. నానమ్మ రోజూ పొద్దున్నే తాతయ్య తూకం యంత్రం ఎక్కి, ముల్లు తగ్గడం చూసి, "ఇంకెందుకులెండి," అని కంచం పక్కకు నెట్టేది. ముప్పై ఎనిమిది కిలోలకు దిగింది. ఈ వారంలో తినడం మొదలుపెట్టకపోతే ఆస్పత్రిలో చేర్చాల్సిందేనన్నాడు డాక్టరు. ఆస్పత్రి పేరు వింటేనే నానమ్మకు వణుకు.

మర్నాడు తాతయ్య ఆమెను తూచాడు. పొగలు కక్కే పాలు పెద్ద గ్లాసుతో తాగించి, మళ్ళీ తూచాడు.

"పావుకిలో పెరిగావు. వేడి లోపలికి పోయింది కదా మరి."

నేను నోరు తెరిచాను. తాతయ్య నా కాలు తొక్కాడు. వంద కోట్లలో నాలుగు ముక్కలు పట్టుకునే మనిషికి గ్లాసుడు పాల బరువు తెలియకుండా పోయిందన్నమాట.

నానమ్మ ముల్లును చాలాసేపు చూసింది. "అయితే సాయంత్రం కూడా కాచండి," అంది.

పాల తర్వాత అన్నం, అన్నం తర్వాత నాతో పోట్లాట వచ్చాయి. నెలన్నరకు నలభై రెండు కిలోలు, అదీ పరగడుపున. ఇక దాచలేక నానమ్మ చెవిలో ఊదాను. "అది వేడి కాదు నానమ్మా, పాల బరువే."

"యాభై ఏళ్ళుగా పాలు కాస్తున్నాను, నాకు తెలీదటే? ఆయన ముల్లు ముందు చంటిపిల్లాడిలా కూర్చుంటే తాగకుండా ఎలా ఉంటాను? వాగకు, మీ తాతయ్య చిన్నబుచ్చుకుంటాడు."

అప్పుడే తాతయ్య గడియారానికి కీ ఇచ్చి, స్టూలు దిగి, మేకు వంక చూశాడు. ఆయన ఇంకా నోరు విప్పకముందే నానమ్మ అంది:

"అవునండోయ్, కాస్త వంగింది."