అన్న గుండెలో బుడగలు

మా అన్న బాలానగర్‌లోని ఒక షెడ్డులో వెల్డింగ్ నేర్చుకున్నాడు. తర్వాత సముద్రం అడుగున పైపులు అతికించే డైవర్ అయ్యాడు. నేను హైటెక్ సిటీలో ఒక ఆసుపత్రిలో గుండె స్కానింగ్ తీస్తాను.

పోయిన వేసవిలో ఇంటికి వచ్చినప్పుడు, ఒకసారి లోతు నుంచి పైకి వచ్చిన గంటకే ఎడమ చెయ్యి మొద్దుబారిందని చెప్పాడు. రెండు రోజులకు తగ్గిందట. కంపెనీ వాళ్లు గుండె పరీక్ష కాగితం తెమ్మన్నారు.

"వేరేటోళ్లు ఎందుకే, నువ్వే తియ్యి," అన్నాడు. మూసాపేటలో మెట్రో ఎక్కి ఇద్దరం కలిసే వెళ్లాం.

"కిందికి పోతే గుండె మెల్లగ కొట్టుకుంటది, చెల్లే. రక్తమంతా ఛాతీలకొచ్చినట్టుంటది. మంచిగనే ఉంటది," అన్నాడు స్కానింగ్ బల్ల మీద పడుకుంటూ.

లోతులో ఒత్తిడికి రక్తంలో గాలి కరుగుతుంది. పైకి వచ్చేటప్పుడు అది సన్నని బుడగలవుతుంది. మామూలుగా ఊపిరితిత్తులు వాటిని వడగడతాయి. గుండె పైగదుల మధ్య రంధ్రం ఉంటే మాత్రం అవి నేరుగా మెదడుకు పోగలవు. అది తెలుసుకోవడానికి, సన్నని బుడగలు వచ్చేలా బాగా గిలకొట్టిన సెలైన్‌ను నర్సు అన్న చేతి నరంలోకి ఎక్కించింది.

"గట్టిగ ముక్కి, వదులన్నా," అన్నాను.

తెరమీద గుండె కుడి గదులు బుడగలతో తెల్లబడ్డాయి. గుండె మూడోసారి కొట్టుకునేసరికి ఎడమవైపు కూడా తెల్లని చుక్కలు వచ్చాయి. ఆ వీడియో క్లిప్పు భద్రం చేశాను.

డాక్టరుగారు చూసి, "మీ అన్నయ్యేనటగా? వేరేవాళ్లతో ఇంకోసారి తీయిద్దామా అమ్మా?" అన్నారు.

"అవసరం లేదు సార్. స్పష్టంగానే ఉంది."

అన్న లేచి కూర్చున్నాడు. "ఏమున్నదే?"

"రంధ్రమున్నది. పుట్టినప్పటి సంది ఉన్నదే."

"గిన్నేండ్లు ఏం కాలె కదా. రాయకుంటే ఏమైతది?"

"రాసిన అన్నా."

అన్న చొక్కా గుండీలు ఒకటి తప్పించి పెట్టుకున్నాడు. నేను చెప్పలేదు. నాకు బాధ కలుగుతుందేమోనని చూశాను, కలగలేదు. తర్వాతి పేషెంటును పిలిచాను.

రంధ్రం మూయించుకున్నా మళ్లీ సముద్రంలోకి దింపుతామని కంపెనీ మాట ఇవ్వలేదు. మూయించుకోకుండానే బాలానగర్ షెడ్డుకు తిరిగి వెళ్లాడు. రెండు నెలలు నాతో మాట్లాడలేదు.

ఒక ఆదివారం వెల్డింగ్ మిషను తెచ్చి, మా గేటు విరిగిన కీలు అతికించాడు. చాయ్ ఇచ్చాను. చక్కెర తక్కువైందన్నాడు. ఇంకొంచెం వేసిచ్చాను. తాగి వెళ్లిపోయాడు.